ఎండలో నిలిచిన గంటలే లెక్క

నా దగ్గర ఒక గ్రాఫ్ ఉంది. చాలా కాలంగా దాచుకున్నాను. పెరోవ్‌స్కైట్ అనే స్ఫటిక పదార్థంతో చేసిన ఒక సోలార్ సెల్‌ను తెల్లని ఎల్‌ఈడీ దీపాల కింద పెట్టి, అది ఇస్తున్న విద్యుత్తును నిమిషానికోసారి నమోదు చేస్తే వచ్చిన గీత అది. మొదటి రెండు రోజులు గబగబా దిగి, తరువాత నిదానించి, దాదాపు నాలుగు వందల గంటల వరకు మెల్లగా వాలుతూ పోతుంది. అక్కడ తెగుతుంది. తొమ్మిది గంటల ఖాళీ. ఆ ఖాళీకి అవతల గీత మళ్లీ మొదలవుతుంది. అయితే ఆగిన చోటు నుంచి కాదు, దానికి బాగా పైనుంచి.

జరిగింది చిన్న విషయమే. దీపాలకు విద్యుత్తు అందించే యూనిట్ రాత్రి ఎప్పుడో ఆగిపోయింది. పొద్దున నేను తలుపు తీసేసరికి గదిలో ఫ్యాన్ల చప్పుడు లేదు. నైట్రోజన్ నింపిన పెట్టెలో సెల్ చీకట్లో ఉంది. రెండు వారాల పైచిలుకు శ్రమ వృథా అయిందనుకున్నాను. యూనిట్ మార్చి దీపాలు వెలిగించాను. తెర మీద పడిన మొదటి అంకె చూసి, కొలత తప్పిందేమోనని వైర్లన్నీ సరిచూసి మళ్లీ కొలిచాను. తప్పలేదు. ముందురోజు సాయంత్రానికి ఆ సెల్ తన తొలి సామర్థ్యంలో ఆరో వంతు పోగొట్టుకుని ఉంది. కొన్ని గంటలు చీకట్లో ఉన్నంత మాత్రాన, పోయినదాంట్లో సగం దాకా తిరిగి తెచ్చుకుంది. మధ్యాహ్నానికల్లా ఆ తెచ్చుకున్నదీ జారిపోయింది.

నివేదిక రాసే సమయానికి అక్కడ నాకంటే పెద్దవారొకరు గ్రాఫ్ చూసి, "ఈ గంటు ఎందుకండీ? దీపం ఆగడం మన పరికరం లోపం, సెల్ లోపం కాదు కదా. ఆ ఖాళీనీ, పైకి లేచిన ఆ కాసేపటినీ తీసేసి రెండు ముక్కలూ కలిపేయండి" అన్నారు. కలిపేశాం. నివేదికలోకి వెళ్లిన గీత నున్నగా ఉంది. ఆయన ఎవరినీ మోసం చేయాలనుకోలేదు. అప్పట్లో మా అలవాటే అది. కానీ మేము తీసి పారేసిన ఆ కొద్ది గంటల్లోనే ఆ సెల్ తన గురించి అన్నింటికంటే ముఖ్యమైన సంగతి చెప్పింది. ఆ పని చేసినందుకు నాకు ఇప్పటికీ బాధగానే ఉంది.

అందుకే ఈ వ్యాసం. పెరోవ్‌స్కైట్ సెల్‌ల సామర్థ్యాన్ని, అంటే పడిన వెలుగులో ఎంత వంతును విద్యుత్తుగా మారుస్తాయన్నదాన్ని, ఒంటి శాతంగా చెప్పుకోవడం ఇక మానేయాలని నా వాదన. ఎలాంటి వెలుగులో, ఎంత వేడిలో, ఎన్ని గంటలు, మధ్యలో ఎన్ని రాత్రులతో ఆ శాతం నిలిచిందో పక్కనే చెప్పాలి. అవి లేని శాతాన్ని రికార్డు అనడానికి నాకు మనసు ఒప్పదు. ఈ పదార్థం మీద నాకు అపారమైన ఇష్టం ఉంది, నా పని జీవితంలో ఎక్కువ భాగం దీనితోనే గడిచింది. ఇష్టమైనదాని గురించి సగం నిజం చెప్పుకుంటూ పోవడం దానికి మేలు చేయదు.

పెరోవ్‌స్కైట్ అనేది మొదట ఒక ఖనిజం పేరు. 1839లో ఉరల్ పర్వతాల్లో దొరికిన కాల్షియం టైటనేట్‌ను గుస్తావ్ రోజ్ వర్ణించి, రష్యా దేశీయుడైన లెవ్ పెరోవ్‌స్కీ పేరు పెట్టాడు. ఆ స్ఫటికపు అల్లిక ఉన్న పదార్థాలన్నింటికీ ఆ పేరే స్థిరపడింది. సోలార్ సెల్‌లలో వాడేది సీసం, అయోడిన్, మిథైల్ అమ్మోనియం వంటివాటితో ఏర్పడే హాలైడ్ రకం. 2009లో జపాన్‌లో త్సుతోము మియాసాకా బృందం దీనితో 3.8 శాతం సామర్థ్యం గల సెల్ చేసింది. సెల్‌లో ఆవేశాన్ని మోసే ద్రవంలో (ఎలక్ట్రోలైట్‌లో) స్ఫటికం కరిగిపోయేది కాబట్టి ఆ సెల్ ఆయుష్షు నిమిషాల్లోనే ఉండేది. 2011లో దక్షిణ కొరియాలో నామ్-గ్యు పార్క్ బృందం 6.5 శాతానికి చేర్చింది. ఆ సెల్ కూడా వెలుగులో పది నిమిషాలు గడిచేసరికి 80 శాతం మేర పడిపోయింది. ఆ సంగతిని వాళ్లు తమ పరిశోధన పత్రంలోనే రాశారు. నాకు ఆ నిజాయితీ అంటే గౌరవం.

2012లో ద్రవం స్థానంలో ఘన పదార్థం వచ్చింది. సామర్థ్యం 10 శాతం దగ్గరికి ఎగబాకింది. ఆ ఏడాది పార్క్, మైకేల్ గ్రాట్జెల్ బృందాలు కలిసి వెలువరించిన ఫలితంలో 500 గంటల మన్నిక కూడా ఉంది. అయితే ఆ 500 గంటలూ సెల్‌ను గది ఉష్ణోగ్రత దగ్గర గాలిలో నిల్వ ఉంచి, అప్పుడప్పుడూ తీసి కొలిచిన గంటలు. పత్రంలో ఆ మాట స్పష్టంగానే ఉంది. దాన్ని ఎత్తిచెప్పిన వాళ్లలో చాలామంది ఆ వివరం వదిలేసి 500 గంటలని మాత్రం చెప్పారు. బీరువాలో మడతపెట్టిన చీర పదేళ్లు రంగు చెడలేదంటే నేత గురించి కొంత తెలుస్తుంది. దండెం మీద ఎన్ని ఎండలకు ఆగుతుందో తెలియదు.

ఇప్పుడు ఒంటి పొర సెల్‌లు 26 శాతం దాటాయి. సిలికాన్ మీద పెరోవ్‌స్కైట్‌ను జంటగా పేర్చిన టాండమ్ సెల్‌తో చైనా సంస్థ లాంగీ 2024లో 34.6 శాతం చూపించింది. ఒంటి పొర సెల్‌కు సిద్ధాంతపరంగా ఉన్న దాదాపు 33.7 శాతం హద్దును అది దాటేసింది. అదే ఏడాది సెప్టెంబరులో ఆక్స్‌ఫర్డ్ పీవీ సంస్థ టాండమ్ ప్యానెళ్లను మొదటిసారి వాణిజ్యపరంగా పంపింది. వాటి సామర్థ్యం 24.5 శాతం. పదిహేనేళ్లలో నిమిషాల నుంచి ప్యానెళ్ల దాకా వచ్చిన ప్రయాణం ఇది, తక్కువదేమీ కాదు.

ఇక అసలు విషయానికి వస్తాను. పెరోవ్‌స్కైట్ ఎందుకు చెడుతుందని అడిగితే ఎక్కువమంది చెప్పే మొదటి మాట తేమ. అది నిజమే. నీరు తగిలితే ఈ పొర నిలవదు. అయితే తేమను అడ్డుకోవడం మనకు తెలిసిన విద్య. రెండు గాజు పలకల మధ్య పెట్టి, అంచుల్లో బ్యూటైల్ రబ్బరు పట్టీతో మూసేస్తే తేమ, గాలి రెండూ చాలావరకు బయటే ఉంటాయి. వెలుగుకు అలాంటి మూత పెట్టలేం. సెల్ పుట్టిందే వెలుగు కోసం. తనకు తిండి పెట్టేదే తనను తినేస్తుంటే, ఆ చిక్కును ప్యాకింగ్‌తో విప్పలేం. అందుకే వెలుగులో మన్నికను మిగతా సమస్యలతో కలిపి ఒక గాటన కట్టడం నాకు నచ్చదు.

వెలుగు లోపల ఏం చేస్తుందో కాస్త నిదానంగా చూద్దాం. సిలికాన్ 1414 డిగ్రీల దగ్గర కరుగుతుంది. దాని పరమాణువులు గట్టి బంధాలతో, రాతి కట్టడంలా కదలకుండా కూర్చుని ఉంటాయి. పెరోవ్‌స్కైట్ పొరను ద్రావణం నుంచి పరిచి, 100 నుంచి 150 డిగ్రీల వేడి మీద కొన్ని నిమిషాలు ఉంచితే స్ఫటికం తయారవుతుంది. చవకగా తయారు చేయగలగడానికి కారణం ఈ మెత్తదనమే. దాని కష్టాలకు కారణం కూడా ఇదే. ఎండలో ఉన్న ప్యానెల్ 60, 70 డిగ్రీలకు చేరడం మామూలు. అంటే ఈ పదార్థం తాను పుట్టిన వేడికి ముప్పై నుంచి తొంభై డిగ్రీల దూరంలోనే తన పగళ్లన్నీ గడపాలి.

ఆ మెత్తని అల్లికలో అక్కడక్కడా అయోడైడ్ (రుణావేశం ఉన్న అయోడిన్) ఉండాల్సిన చోట ఖాళీలు ఉంటాయి. పక్కనున్న అయోడైడ్ అయాన్ ఆ ఖాళీలోకి దూకితే, అది ఉన్న చోటు ఖాళీ అవుతుంది. కిక్కిరిసిన బస్సులో ఒకరు దిగితే నిలబడ్డవాళ్లందరూ ఒక్కో అడుగు సర్దుకున్నట్టు, ఆ ఖాళీ పొరంతా తిరుగుతూ ఉంటుంది. విద్యుత్తును మోసే ఎలక్ట్రాన్లతో పాటు అయాన్లు కూడా నడిచే సోలార్ సెల్ ఇది. సిలికాన్‌తో పని చేసి వచ్చినవాళ్లకు ఈ సంగతి మొదట్లో మింగుడు పడదు.

వెలుగు పడినప్పుడు ఈ నడక ఇంకా పెరుగుతుంది. జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో, మాక్స్ ప్లాంక్ సంస్థలో యోఆకిమ్ మాయర్ బృందం 2018లో దీన్ని కొలిచి చూపింది. చీకట్లో కంటే వెలుగులో అయాన్ల వాహకత ఎన్నో రెట్లు పెరిగింది. వాళ్లు చెప్పిన కారణం ఇది. వెలుగు ఒక ఎలక్ట్రాన్‌ను లేపినప్పుడు దాని వెనుక ఒక లోటు మిగులుతుంది. ఆ లోటు అయోడైడ్ మీద నిలిస్తే, అది తన రుణావేశం పోగొట్టుకుని మామూలు అయోడిన్ పరమాణువవుతుంది. పరిమాణంలో చిన్నదవుతుంది. చిన్నదైనాక తన స్థానంలో ఉండదు, సందుల్లోకి జారుకుంటుంది. అలాంటివి రెండు కలిస్తే అయోడిన్ వాయువు. దారి దొరికితే పొర విడిచి పోతుంది, దొరకకపోతే వెనుకనున్న లోహపు ఎలక్ట్రోడ్‌ను తినడం మొదలుపెడుతుంది. వెండి ఎలక్ట్రోడ్ అయితే సిల్వర్ అయోడైడ్‌గా మారిపోతుంది. బంగారమైనా నమ్మడానికి లేదు. 70 డిగ్రీలు దాటితే బంగారు పరమాణువులే మధ్య పొరను దాటుకుని పెరోవ్‌స్కైట్‌లోకి చొరబడతాయని 2016లో తేలింది.

సీల్ కొంచెం వదులై ఆక్సిజన్ చేరిందంటే ఇంకో కథ. లండన్ ఇంపీరియల్ కాలేజీలో సైఫ్ హక్ బృందం 2015లో చూపిన దాని ప్రకారం, వెలుగు లేపిన ఎలక్ట్రాన్ ఆక్సిజన్ మీదికి దూకి దాన్ని సూపరాక్సైడ్‌గా మారుస్తుంది. ఆ సూపరాక్సైడ్ మిథైల్ అమ్మోనియం నుంచి ఒక ప్రోటాన్‌ను లాక్కుంటుంది. మిగిలిన మిథైలమైన్ ఆవిరైపోతుంది. పొడి ఆక్సిజన్ ఒక్కటే ఉంటే ఈ పొర తట్టుకుంటుంది, వెలుగు ఒక్కటే ఉన్నా కొంత కాలం తట్టుకుంటుంది. రెండూ కలిస్తే కొన్ని గంటల్లోనే కళ్ల ముందు పాడవుతుంది. నేను ఎన్నోసార్లు చూశాను. నల్లని కాఫీ రంగులో నిగనిగలాడే పొర ముందు అంచుల్లో పసుపు తిరుగుతుంది, ఆ పసుపు మెల్లగా లోపలికి పాకుతుంది. ఆ పసుపు లెడ్ అయోడైడ్. దానికి నీటిలో కొంత కరిగే గుణం ఉంది కాబట్టి మన్నిక అన్నది విద్యుత్తుకు మాత్రమే సంబంధించిన విషయం కాదు. ఆ చర్చ ఇక్కడితో ఆపుతాను, అది వేరే వ్యాసం అడుగుతుంది.

వీటన్నింటిలోకీ నన్ను ఎక్కువగా కలవరపెట్టింది 2015లో ఎరిక్ హోక్, మైకేల్ మెక్‌గీహీ బృందం బయటపెట్టిన విషయం. ఈ రంగంలో దాన్ని హోక్ ప్రభావం అంటారు. టాండమ్ సెల్‌లో పైపొరకు నీలి, ఆకుపచ్చ వెలుగును పట్టే గుణం కావాలి. అందుకని అయోడైడ్‌లో కొంత బ్రోమైడ్ కలుపుతారు. బ్రోమైడ్ పాలు ఐదో వంతు దాటిన మిథైల్ అమ్మోనియం పొర మీద వెలుగు పడితే, అంతవరకు కలిసిమెలిసి ఉన్న అయోడైడ్, బ్రోమైడ్‌లు విడిపోయి వేర్వేరు గుంపులవుతాయి. దీన్ని చూడడం చాలా తేలిక. పొర మీద లేజర్ వేసి, అది తిరిగి వెలువరించే కాంతిని వర్ణపటమాపకంలో చూడాలి. నేను మొదటిసారి చూసినప్పుడు తెర మీద 650 నానోమీటర్ల చుట్టుపక్కల ఒక చక్కని శిఖరం కనిపించింది. పది సెకన్లకు దాని కుడివైపు, 740 దగ్గర, ఒక చిన్న బుడిపె లేచింది. నిమిషంలో ఆ బుడిపె అసలు శిఖరాన్ని మించిపోయింది. లేజర్ ఆపి అయిదు నిమిషాలు చీకట్లో ఉంచి మళ్లీ వేస్తే, బుడిపె మాయం. పాత శిఖరం ఏమీ ఎరగనట్టు యథాస్థానంలో నిలబడి ఉంది. పదార్థం చెడిపోయిందా అంటే లేదు. బాగుందా అంటే అదీ కాదు. వెలుగులో ఒకటి, చీకట్లో ఒకటి. రెండు వేర్వేరు పదార్థాలు.

నా గ్రాఫ్‌లోని గంటు కూడా ఇలాంటి కథే చెబుతుంది. పగలు అయాన్లు అంచులకు చేరి గుంపు కడతాయి, అవి నిర్మించే విద్యుత్ క్షేత్రం ఎలక్ట్రాన్ల దారికి అడ్డుపడుతుంది. రాత్రి అవి మెల్లగా తమ తమ చోట్లకు మళ్లుతాయి. కొంత నష్టం రాత్రితో పూడిపోతుంది, కొంత ఎన్నటికీ పూడదు. కొన్ని రకాల సెల్‌లలో దీనికి తిరగబడినదీ చూశారు. వెలుగు, చీకటి మారుతూ ఉంటే స్ఫటికపు అల్లిక పదే పదే సాగుతూ ముడుచుకుంటూ, ఎడతెగని వెలుగులో కంటే ముందే అలసిపోతుంది. కాబట్టి ఆగకుండా వెలిగే దీపం కింద కొలిచిన ఆయుష్షు అసలు ఆయుష్షు కంటే ఎక్కువా, తక్కువా అన్నది ముందే చెప్పడానికి లేదు. ఒక్కో సెల్‌కు ఒక్కో జవాబు. సూర్యుడు రోజూ అస్తమిస్తాడన్న సాదా సంగతిని పరీక్షలోంచి తీసేసి, ఆ పరీక్ష నుంచి ఇరవై ఐదేళ్ల భవిష్యత్తు చెప్పడం ఎలా కుదురుతుంది?

దీన్ని పట్టించుకున్నవాళ్లు లేరని కాదు. 2020లో ఈ రంగంలోని పదుల మంది పరిశోధకులు కలిసి, సేంద్రియ సెల్‌ల కోసం 2011లో రూపొందిన ఐసాస్ అనే మన్నిక పరీక్షా పద్ధతులను పెరోవ్‌స్కైట్‌కు తగినట్టు విస్తరించారు. చీకట్లో నిల్వ, ఎడతెగని వెలుగు, ఆరుబయట ఎండ, వెలుగు-చీకట్ల చక్రం, ఉష్ణోగ్రతల చక్రం, వీటన్నింటికీ వేర్వేరు పేర్లు, స్థాయిలు నిర్ణయించారు. ఎంత మంచి పని! ఫలితాలు చెప్పేటప్పుడు ఏ పద్ధతిలో కొలిచామో ఒక్క ముక్కలో చెప్పవచ్చు. అయినా ఇప్పటికీ పత్రం పైభాగాన వెయ్యి గంటలని పెద్దగా రాసి, షరతులు అనుబంధంలో పెడుతున్నారు.

ఆ వెయ్యి గంటలను కాస్త విప్పి చూడాలి. ప్రామాణికమైన ఎండ అంటే చదరపు మీటరుకు 1000 వాట్లు. వెయ్యి గంటలు అలా నిలిస్తే చదరపు మీటరుకు 1000 కిలోవాట్ అవర్లు. ఎండ బాగా కాసే ప్రాంతాల్లో ఏడాదికి 1800 నుంచి 2000 కిలోవాట్ అవర్ల దాకా పడుతుంది. అంటే వినడానికి ఘనంగా ఉన్న వెయ్యి గంటలు అక్కడ ఆరు నెలల ఎండకు సమానం. ప్యానెళ్లు ఇరవై ఐదేళ్లు నిలవాలంటే 45 వేల గంటలకు పైబడిన ఎండను తట్టుకోవాలి. సిలికాన్ ప్యానెళ్లు ఏడాదికి సుమారు అర శాతం చొప్పున తగ్గుతూ అంత కాలమూ పని చేస్తున్నాయి. పోటీ వాటితోనే.

పైగా ఆ వెయ్యి గంటల వెలుగు ఎలాంటిది? చాలా ప్రయోగశాలల్లో తెల్లని ఎల్‌ఈడీ దీపాలు వాడతారు. నేనూ వాడాను. వాటిలో అతినీలలోహిత కిరణాలు దాదాపు ఉండవు. అసలు ఎండలో ఉంటాయి. టైటానియం డయాక్సైడ్ పొర ఉన్న సెల్‌లను అతినీలలోహితం ఎంత త్వరగా దెబ్బతీస్తుందో 2013లోనే హెన్రీ స్నైత్ బృందం చూపింది, ఆ తరువాతే చాలామంది టిన్ ఆక్సైడ్ వైపు మళ్లారు. ఇంకొకటి, ఆ సెల్‌ను ఏ స్థితిలో నడిపారు? గరిష్ఠ శక్తి ఇచ్చే స్థితిలో నడిపితే పుట్టిన ఎలక్ట్రాన్లు ఎప్పటికప్పుడు బయటికి పోతాయి. సర్క్యూట్ తెరిచి ఉంచితే పోయే దారి లేక లోపలే పోగుపడి, నష్టం సాధారణంగా ఎక్కువ చేస్తాయి. ఇన్వర్టర్ ఆగిపోయిన రోజు ప్యానెల్ మిట్టమధ్యాహ్నపు ఎండలో సరిగ్గా ఆ స్థితిలోనే ఉంటుంది. ఆ సెల్ వైశాల్యం ఎంత? గోరంత. ఎన్ని సెల్‌లలో ఒకటి? ఈ ప్రశ్నకు జవాబు చాలా పత్రాల్లో కనపడదు.

పరిశ్రమ ప్రమాణాల పరీక్ష ఉంది కదా అని కొందరు అంటారు. ఐఈసీ 61215 అనే ఆ ప్రమాణంలో ప్రసిద్ధమైనది తేమ-వేడి పరీక్ష. 85 డిగ్రీలు, 85 శాతం తేమ, 1000 గంటలు. పెరోవ్‌స్కైట్ ప్యానెల్ దీన్ని నెగ్గిందంటే గొప్పే. కానీ ఆ పరీక్ష జరిగేది చీకట్లో. అది సిలికాన్ అనుభవం నుంచి పుట్టిన పరీక్ష. సిలికాన్ ప్యానెల్‌లో తుప్పు పట్టేవి, ఊడిపోయేవి ఏవో కనిపెట్టడానికి పెట్టింది. వేడి, వెలుగు కలిసి నెలల తరబడి పడినప్పుడు ఏమవుతుందన్న ప్రశ్న అందులో లేదు, ఎందుకంటే సిలికాన్ విషయంలో ఆ ప్రశ్న అంత ముఖ్యం కాలేదు. మరొకరి కోసం రాసిన ప్రశ్నపత్రంలో మంచి మార్కులు తెచ్చుకుని సంతోషపడకూడదు.

సరైన దారి చూపిన పనులు కూడా ఉన్నాయి. 2022లో ప్రిన్స్‌టన్‌లో లిన్ లూ బృందం అకర్బన పెరోవ్‌స్కైట్ సెల్ మీద పలుచని ద్విమితీయ (2డీ) పొర ఒకటి పరిచి, వెలుగులో 110 డిగ్రీల వరకు వేర్వేరు ఉష్ణోగ్రతల దగ్గర కావాలని చెడగొట్టింది. చెడే వేగాల నుంచి లెక్కగట్టి, 35 డిగ్రీల దగ్గర అది తన తొలి సామర్థ్యంలో 80 శాతానికి దిగడానికి 51 వేల గంటలు పడుతుందని అంచనా వేసింది. అటూ ఇటూ 7 వేల గంటల తేడా ఉండవచ్చని కూడా రాసింది. ఆ సెల్ సామర్థ్యం 17.4 శాతమే, అప్పటి రికార్డుకు చాలా దూరం. నా దృష్టిలో ఆ ఏడాది వచ్చిన రికార్డులన్నింటికంటే ఆ 17.4 విలువైనది. దానికి ఆయుష్షు రాసి ఉంది, ఆ ఆయుష్షుకు దోషపు హద్దు కూడా రాసి ఉంది. హెచ్చు వేడిలో చెడగొట్టే ప్రక్రియ, మామూలు వేడిలో చెడగొట్టేది ఒకటే అయితేనే ఇలాంటి అంచనా నిలుస్తుందన్నది నిజం. రాత్రులు అందులోనూ లేవు. అయినా ఎక్కడి నుంచి ఎక్కడికి లెక్క కట్టారో చదివేవాళ్లకు కనిపిస్తుంది.

ఈ దారి మనకు కొత్త కూడా కాదు. 1977లో అమెరికాలోని ఆర్‌సీఏ ప్రయోగశాలల్లో డేవిడ్ స్టాబ్లర్, క్రిస్టఫర్ వ్రాన్‌స్కీ అనే ఇద్దరు, స్ఫటిక క్రమం లేని సిలికాన్ పొర మీద వెలుగు పడితే దాని వాహకత పడిపోతుందనీ, 150 డిగ్రీలకు పైగా వేడి చేస్తే తిరిగి వస్తుందనీ కనిపెట్టారు. ఆ రకం సెల్‌లు మొదటి కొన్ని వందల గంటల్లో తమ సామర్థ్యంలో చెప్పుకోదగ్గ భాగం పోగొట్టుకునేవి. ఆ జబ్బు పూర్తిగా నయం కాలేదు. కానీ ఆ రంగం ఒక మంచి అలవాటు చేసుకుంది. వెలుగులో నానబెట్టి, పడాల్సినంత పడి, ఇక నిలకడగా ఉందన్నాకే సామర్థ్యాన్ని కొలిచి చెప్పింది. పలుచని పొరల ప్యానెళ్ల ప్రమాణంలోకి కూడా ఆ వెలుగు పరీక్ష చేరింది. అమెరికా జాతీయ పునరుత్పాదక ఇంధన ప్రయోగశాల వెలువరిస్తూ వచ్చిన ప్రసిద్ధమైన సామర్థ్యాల పటంలో ఆ సెల్‌ల పేరు పక్కన 'స్థిరపడినది' అని రాసి ఉండేది. అదే పటంలో చాలా ఏళ్ల పాటు పెరోవ్‌స్కైట్ పేరు పక్కన 'స్థిరపడనిది' అని ఉండేది. ఆ పటాన్ని సభల్లో లెక్కలేనన్నిసార్లు తెర మీద చూశాను. నిటారుగా ఎగబాకే ఆ గీతను అందరూ వేలెత్తి చూపేవాళ్లు. మూలనున్న ఆ చిన్న మాటను పైకి చదివినవాళ్లు నాకు ఒక్కరు కూడా గుర్తు లేరు.

నా వాదనకు ఎదురయ్యే మాట ఒకటుంది, దాన్ని తేలిగ్గా తీసుకోను. పసిబిడ్డను పట్టుకుని పరుగు పందెం పెడతారా, ముందు సామర్థ్యం రానివ్వండి, మన్నిక తరువాత దానంతట అదే వస్తుంది అంటారు. ఇందులో కొంత నిజముంది. సామర్థ్యం కోసం చేసిన పని మన్నికకు కూడా పనికొచ్చింది. ఎలక్ట్రాన్లను మింగే లోపాలు ఎక్కడ ఉంటాయో, అయాన్లు జారుకునే సందులు కూడా చాలాసార్లు అక్కడే ఉంటాయి. ఒకదాన్ని పూడిస్తే రెండోదీ పూడుతుంది. మిథైల్ అమ్మోనియాన్ని తగ్గించి ఫార్మామిడినియం, సీజియం కలపడం వల్ల రెండూ మెరుగయ్యాయి. 2009లో మియాసాకా బృందాన్ని ఆయుష్షు ఎంత అని నిలదీసి ఉంటే ఈ రంగమే పుట్టేది కాదేమో.

కానీ ఇప్పుడు బిడ్డ పసిబిడ్డ కాదు. ప్యానెళ్లు అమ్ముడవుతున్నాయి. కొనేవాళ్లు అప్పు తెచ్చి, ఇరవై ఏళ్లలో తీర్చుకుంటామనే లెక్కతో కొంటారు. 2 శాతం సామర్థ్యం ఎక్కువని కొన్నది పదేళ్లకే చతికిలపడితే, తక్కువ సామర్థ్యంతో పాతికేళ్లు నిలిచే సిలికాన్ మొత్తం మీద ఎక్కువ విద్యుత్తు ఇస్తుంది. ఒక్క విడత ప్యానెళ్లు ఇలా విఫలమైతే ఆ చెడ్డపేరు ఆ ఒక్క సంస్థతో ఆగదు, పదార్థానికే అంటుకుంటుంది. అది జరగకూడదన్నదే నా ఆరాటం. మన్నిక దానంతట అదే రాదు. ఏది కొలుస్తామో, దేన్ని మెచ్చుకుంటామో, యువ పరిశోధకులు దాని వెంటే పోతారు. పైకి లేచిన అరశాతానికి ముఖపత్రం, మూడు వేల గంటల ఓపికకు లోపలి పేజీ అన్నంత కాలం మూడు వేల గంటలు ఎవరూ కూర్చోరు. చెడిపోయిన సెల్‌ల గ్రాఫ్‌లు అచ్చు వేయరు కాబట్టి, ఒకరు చేసిన తప్పునే పదిమంది మళ్లీ చేసి నెలలు పోగొట్టుకుంటారు. నేనూ అలా పోగొట్టుకున్నవాణ్నే.

ఇప్పుడు నా దీపాలకు టైమర్ పెట్టాను. పన్నెండు గంటలు వెలుగు, పన్నెండు గంటలు చీకటి. దీపాల్లో అతినీలలోహిత ఎల్‌ఈడీలు కూడా చేర్చాను. పెట్టె అడుగున 65 డిగ్రీల వేడి పలక ఉంది. ఒకే విడతలో చేసిన సెల్‌లు ఎనిమిది ఉన్నాయి, బాగున్నవీ బాగులేనివీ ఏరకుండా అన్నీ పెట్టాను. వచ్చే గీత రంపపు పళ్లలా ఉంటుంది. రోజూ పొద్దున ఒక మొన, సాయంత్రం ఒక లోయ. మొనలన్నీ కలిపితే ఒక గీత, లోయలన్నీ కలిపితే ఇంకో గీత. మొదటి నెలలో రెండూ దాదాపు సమాంతరంగా దిగాయి. రెండో నెల నుంచి లోయల గీత వేగంగా దిగుతోంది, మొనలు ఇంకా పట్టు విడవలేదు. అంటే రాత్రి పూట కోలుకోవడం ఇంకా సాగుతోంది, పగటి దెబ్బ మాత్రం రోజురోజుకూ లోతవుతోంది. ఈ రెండు గీతల మధ్య దూరం ఎందుకు పెరుగుతోందో తెలుసుకోవడానికి రేపు అయిదో సెల్‌ను బయటికి తీసి కోసి చూడాలి. మిగతా ఏడూ నడుస్తూనే ఉంటాయి.